ఎడారి తుఫాను మబ్బుల్లో కిరాడూ గుళ్ల ఫొటోలు: ఎప్పుడు వెళ్లాలి, ఎలా తీయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మే ఆఖరి వారంలో అమ్మానాన్నలతో జోధ్‌పూర్, జైసల్మేర్ టూర్ పెట్టుకున్నారు. మధ్యలో బాడ్మేర్ దగ్గరున్న కిరాడూ శిథిలాలయాలకు వెళ్లి, వెనకాల ఇసుక తుఫాను లేస్తుండగా ముందు గుడి నిలబడి ఉన్న ఫొటో తీయాలని కోరిక. చేతిలో ఒక మిర్రర్‌లెస్ కెమెరా, దాంతో వచ్చిన కిట్ లెన్స్, ఒక ఫోన్ ఉన్నాయి. ఏ సెట్టింగులు పెట్టాలి, దుమ్ముకి కెమెరా పాడవుతుందా అని అడిగారు.

సెట్టింగుల కన్నా ముందు తేదీల గురించి చెప్పాలి. కుదిరితే టూర్‌ని జులై ఆఖరికో ఆగస్టుకో జరపండి. ఇసుక గోడ దొరక్కపోయినా పెద్ద పెద్ద మబ్బుల ఆకాశం అప్పుడే ఎక్కువగా దొరుకుతుంది, అమ్మానాన్నలకూ ఎండదెబ్బ భయం తక్కువ. టికెట్లు మార్చడం కుదరకపోతే మేలోనే వెళ్లండి, కానీ తుఫాను లోపల ఫొటో తీద్దామన్న ఆలోచన మానేయండి. ఫొటోలు వచ్చేది దుమ్ము మీదికి రాకముందు ఓ అరగంట, అది వెళ్లిపోయాక ఓ గంట. ఆ మధ్యలో కెమెరా సంచిలో ఉండాలి, మీరు కారులో ఉండాలి.

సెట్టింగులంటారా, మొదలుపెట్టడానికి ఎఫ్8 (లెన్స్ రంధ్రం సైజు), ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100 నుంచి 400 మధ్య, షట్టర్ 1/250 సెకను లేదా ఇంకా వేగంగా, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) డేలైట్, ఫైలు రా (RAW, కెమెరా మార్పులు చేయని ఫైలు). వీటిలో ముఖ్యమైనవి ఎందుకో కింద చెబుతాను. పాత గుళ్ల ఫొటోలు తీయడమే నా వృత్తి. రాయలసీమ గుళ్లతో మొదలుపెట్టాను, థార్ వైపు ఎండాకాలం, వానాకాలం, చలికాలం మూడింటిలోనూ పని చేశాను. అక్కడ చూసిందే రాస్తున్నాను.

ముందు మే నెల సంగతి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనం అంటాం. రాజస్థాన్‌లో అదే సమయాన్ని, అంటే మే 25 ప్రాంతం నుంచి తొమ్మిది రోజుల్ని, నౌతపా అంటారు. మీరు పెట్టుకున్న తేదీలు సరిగ్గా దాని మీద పడ్డాయి. 2016 మే 19న ఫలోదీలో 51 డిగ్రీలు నమోదైంది, అది జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ వెళ్లేవైపే ఉంది. ప్రతి ఏడూ అంత ఉండదు గానీ 45 దాటడం మామూలే. కిరాడూలో నీడ తక్కువ. మండపాల పైకప్పులు చాలావరకు పోయాయి, స్తంభాలే నిలబడి ఉన్నాయి. అరవై దాటినవాళ్లను అక్కడ మధ్యాహ్నం నిలబెట్టడం నాకైతే సమ్మతం కాదు. మీరు మేలోనే వెళ్తే వాళ్లను బాడ్మేర్‌లో హోటల్లో ఉంచి, ఒక్కరే సాయంత్రం బయల్దేరండి. బాడ్మేర్ నుంచి దాదాపు 35 కిలోమీటర్లే.

ఎండ మాట అలా ఉంచి, వెలుగు సంగతి చూసినా మే, జూన్ నెలలు గుడికి అనుకూలం కాదు. కిరాడూ ఉన్న అక్షాంశంలో జూన్ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 88 డిగ్రీల ఎత్తులో, అంటే సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. కప్పు అంచుల కింద, విగ్రహాల కళ్ల కింద, నడుముల కింద నల్లటి నీడలు పడతాయి, పైభాగాలు తెల్లగా కాలిపోతాయి. డిసెంబరులో అదే మధ్యాహ్నం సూర్యుడు 41 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు, రోజంతా పక్క నుంచి వెలుగు పడుతుంది. శిల్పానికి కావలసింది ఆ పక్కవెలుగే. మే, జూన్‌లలో అది కావాలంటే పొద్దున్నే వెళ్లాలి, లేదా సాయంత్రం ఐదున్నర తర్వాత.

టైము విషయంలో మనవాళ్లకు ఒక తేడా ముందే తెలిసి ఉండాలి. బాడ్మేర్ మనకు బాగా పడమరన ఉంది కాబట్టి గడియారం ప్రకారం అక్కడ పొద్దు ఆలస్యంగా కుంకుతుంది. జూన్‌లో విజయవాడలో ఏడు కాకముందే సూర్యుడు వెళ్లిపోతే అక్కడ 7:40 ప్రాంతం దాకా ఉంటాడు. మబ్బులు పేరుకునేది కూడా సాయంత్రమే. కాబట్టి నాలుగింటికి చేరుకుంటే చాలు. చీకటి పడకముందే అందర్నీ బయటికి పంపించేస్తారు, ఎన్నింటికి మూస్తారో లోపలికి వెళ్లేటప్పుడే అడిగి తెలుసుకోండి. సూర్యాస్తమయం తర్వాత వచ్చే నీలివెలుగు, నక్షత్రాలు ఇక్కడ మీ ప్లానులో ఉండకూడదు.

ఇక తుఫాను. అక్కడివాళ్లు ఆంధీ అంటారు. మన తుఫానులా రెండు రోజుల ముందు పేరు పెట్టుకుని వచ్చేది కాదు. పగలంతా కాలిన నేల మీద క్యుములోనింబస్ మబ్బు (ఉరుముల మబ్బు) పెరుగుతుంది. దాని లోంచి వాన పడటం మొదలవుతుంది, కానీ కింద గాలి పొడిగా ఉండటం వల్ల ఆ చినుకులు చాలావరకు దారిలోనే ఆవిరైపోతాయి. ఆవిరయ్యేటప్పుడు గాలిలోని వేడిని లాగేసుకుంటాయి. చల్లబడిన గాలి బరువెక్కి దబ్బున నేల మీదికి దిగి, నాలుగు పక్కలకూ పరుచుకుంటూ ముందున్న ఇసుకనీ దుమ్మునీ లేపుకుంటూ వస్తుంది. మనకు కనిపించే గోధుమరంగు గోడ ఆ చల్లగాలి ముందంచే.

ఫొటో తీసేవాడికి ఈ కారణం తెలియడం చాలా ఉపయోగం. గోడ వచ్చేది మబ్బు ఉన్న వైపు నుంచి, కాబట్టి ఎటు చూడాలో మీకు అరగంట ముందే తెలుస్తుంది. గాలి ఒక్కసారిగా ఆగిపోయి ఊపిరాడనట్టు ఉక్కపోస్తుంది. తర్వాత చెంపకు చల్లగాలి తగులుతుంది. ఆ చల్లగాలి తగిలిందంటే మీకు మిగిలింది నిమిషాలే. మేకల కాపర్లు మందను తోలుకుని ఊరివైపు మళ్లారంటే అది ఇంకా నమ్మకమైన గుర్తు. వాళ్లను చూసి మీరూ కారువైపు జరగడం మొదలుపెట్టండి.

అందుకే నేను ఎప్పుడూ ముందు చోటు, తర్వాతే వాతావరణం అంటాను. మబ్బు వచ్చాక ఎక్కడ నిలబడాలా అని గుళ్ల మధ్య పరుగెత్తితే ఏదీ దక్కదు. కుదిరితే ముందురోజో, కనీసం అదే రోజు వచ్చిన వెంటనేనో మామూలు వెలుగులో ఒకసారి చుట్టూ తిరగండి. రెండో మూడో చోట్లు ఎంచుకోండి. అక్కడ మోకాళ్ల మీద కూర్చుంటే ఏం కనిపిస్తుంది, నిలబడితే ఏం కనిపిస్తుంది, శిఖరం వెనక కొండ అంచు ఎక్కడ తగులుతుంది అన్నది చూసుకోండి. ప్రతి చోటి నుంచీ ఫోన్లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఆ తర్వాత పని వాతావరణానిది.

కిరాడూలో ఇప్పుడు మిగిలినవి ఐదు గుళ్లు, 11, 12 శతాబ్దాల నాటివి. నాలుగు శివుడివి, ఒకటి విష్ణువుది. అన్నిట్లోకి పెద్దది సోమేశ్వరాలయం. అందరూ మొత్తం శిఖరాన్నే తీస్తారు. నన్నడిగితే మీ సమయంలో సగం ఆ గుడి కింది భాగానికి ఇవ్వండి. అధిష్ఠానం చుట్టూ ఒకదాని మీద ఒకటిగా పట్టీలుంటాయి. కింద ఏనుగుల వరుస, దాని మీద గుర్రాలు, ఆ పైన మనుషులు. మనుషులు జానెడు ఎత్తు కూడా ఉండరు గానీ ఒక్కొక్కరూ ఒక్కో పనిలో ఉంటారు. రామాయణ, భారత ఘట్టాలున్నాయి, అంపశయ్య మీద భీష్ముడు ఉన్నాడు. స్తంభాల తలల దగ్గర పూర్ణకుంభం లోంచి ఆకులు పొంగి నాలుగు మూలలా కిందికి వాలినట్టు చెక్కారు. ఆ ఆకు కొసకూ కుండ పొట్టకూ మధ్య ఒక వేలు దూరేంత సందు ఉంటుంది. తొమ్మిది వందల ఏళ్ల గాలీ ఇసుకా తిన్నా ఆ సందు ఇంకా నిలిచే ఉంది. పక్కవెలుగు పడ్డప్పుడు ఆ సందులో నీడ నిలబడి ఆకు రాతి నుంచి విడివడి కనిపిస్తుంది.

మబ్బుపట్టిన వెలుగులో ఏది తీయాలో ఏది తీయకూడదో ఇక్కడే తెలుస్తుంది. కిరాడూ శిల్పం బాగా పైకి పొడుచుకొచ్చిన శిల్పం. మబ్బు కమ్మి వెలుగు మెత్తబడినా దాని ఆకారం చెడదు, పైగా నీడల్లో దాక్కున్న భాగాలు బయటికొస్తాయి. ఈజిప్టులో దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. దుబాయ్‌లోనో కువైట్‌లోనో ఉంటూ సెలవుల్లో లక్సర్ వెళ్లే మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. కర్నాక్, మెదీనెత్ హబూ ఆలయాల బయటి గోడల మీద బొమ్మల్ని రాతి లోపలికి గీరి చెక్కారు. మండే ఎండ పడితేనే ఆ గీత అంచున నీడ ఏర్పడి బొమ్మ కనిపిస్తుంది. అక్కడ మార్చి నుంచి మే దాకా ఖమ్సీన్ అనే దుమ్ముగాలి వీస్తుంది. ఆ రోజుల్లో సూర్యుడు తెల్లటి బిళ్లలా మారిపోయి, గోడ మీది బొమ్మలు ఇంచుమించు మాయమవుతాయి. ఖమ్సీన్‌లో లక్సర్‌లో గోడల్ని వదిలేసి స్తంభాల ఆకారాలు, ద్వారగోపురాల అంచులు తీయాలి. కిరాడూలో అయితే దుమ్ము పలచగా ఉన్నంతసేపు శిల్పాన్ని దగ్గర నుంచి తీయవచ్చు.

పలచటి దుమ్ముతో ఇంకో లాభం ఉంది. కిరాడూ వెనక రాతి కొండ ఉంది. మామూలు రోజున ఆ కొండా గుడీ దాదాపు ఒకే రంగులో ఉండి కలిసిపోతాయి, శిఖరం అంచు తెలియదు. గాలిలో కొంచెం దుమ్ము ఉంటే దూరంగా ఉన్న కొండ పాలిపోతుంది, దగ్గరున్న గుడి గట్టిగా నిలబడుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ ఇంత చక్కగా విడదీయలేదు. సూర్యుడికి ఎదురుగా నిలబడి, సూర్యుణ్ణి ఒక స్తంభం వెనక దాచి తీస్తే స్తంభాల మధ్య నుంచి వెలుగు చారలు వస్తాయి. ఆ చారలు పడటానికి కూడా గాలిలో దుమ్ము ఉండాలి.

ఇప్పుడు సెట్టింగులకు కారణాలు.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెట్టకండి. దుమ్ము నీలికాంతిని మింగేస్తుంది, అందుకే అంతా పసుపు, ఇటుక రంగులోకి తిరుగుతుంది. ఆటో అది తప్పనుకుని నీలం కలిపేసి, మీరు ఏ రంగు కోసం అంత దూరం వెళ్లారో ఆ రంగునే తుడిచేస్తుంది. డేలైట్‌లో, లేదా 5500 కెల్విన్ దగ్గర కట్టేయండి. రా ఫైల్లో తర్వాత మార్చుకోవచ్చు నిజమే, కానీ అక్కడ స్క్రీన్ మీద నిజమైన రంగు కనిపిస్తేనే మీ నిర్ణయాలు సరిగ్గా ఉంటాయి.

వెలుగు కొలత విషయంలో రెండు సందర్భాలు వేరువేరు. మొదటిది, వెనక నల్లటి మబ్బు, ముందు గుడి మీద ఎండ. ఈ వెలుగు దొరికితే మిగతావన్నీ వదిలేసి దీన్నే తీయండి. కెమెరా నల్లమబ్బును చూసి వెలుగు తక్కువగా ఉందనుకుని, ఎండ పడిన రాతిని తెల్లగా కాల్చేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కకట్టిన వెలుగును పెంచే, తగ్గించే సర్దుబాటు) మైనస్ 1 నుంచి మైనస్ 1.7 దాకా తగ్గించండి, హిస్టోగ్రామ్ (స్క్రీన్ మీద వెలుగును చూపే గ్రాఫ్) కుడి అంచుకు తగలకుండా చూసుకోండి. రెండోది, దుమ్ము నిండిన తెల్లటి ఆకాశం, నీడలో గుడి. ఇప్పుడు కెమెరా రాతిని మసిలా చేసేస్తుంది, ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 దాకా పెంచాలి. ఈ రెండు సందర్భాలూ పది నిమిషాల తేడాలో రావచ్చు. అందుకే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ చక్రం ఎక్కడుందో చూడకుండానే తిప్పగలిగేలా ఇంట్లోనే అలవాటు చేసుకోండి.

షట్టర్ గురించి. ఈదురుగాలిలో ట్రైపాడ్ మీద పెట్టినా కెమెరా వణుకుతుంది. 1/500 పెట్టుకుని చేత్తో పట్టుకుని తీయడం మేలు, ఐఎస్‌ఓ 400కి పెరిగినా పర్వాలేదు. ట్రైపాడ్ వాడాలనే ఉంటే ముందు అనుమతి అడగండి, రక్షిత కట్టడాల్లో దానికి అభ్యంతరం చెప్పడం మామూలే. డ్రోన్ మాత్రం తీసుకెళ్లకండి. అది పాకిస్తాన్ సరిహద్దు జిల్లా, మునాబావ్ వెళ్లే దారి. అక్కడ డ్రోన్ ఎగరేస్తే వచ్చేది ఫొటో కాదు, పోలీసు కేసు. గుర్తింపు కార్డు కూడా దగ్గర పెట్టుకోండి.

రాయి కదలదు కాబట్టి రాయి ఒక్కటే ఉన్న ఫొటోలో గాలి కనిపించదు. ఎంత పెద్ద గాలి వీచినా చూసేవాడికి అది మబ్బు పట్టిన మామూలు రోజులాగే ఉంటుంది. గాలి కనిపించాలంటే కదిలేది ఏదో ఒకటి ఫ్రేములో ఉండాలి. ఆ ప్రాంతమంతా ఖేజ్రీ చెట్లుంటాయి. మన జమ్మిచెట్టే అది. రాజస్థాన్‌కీ తెలంగాణకీ రెండింటికీ అదే రాష్ట్ర వృక్షం. దాని సన్నటి కొమ్మలు గాలికి ఒకే పక్కకు వాలిపోతాయి. ఒక చెట్టును ముందు పెట్టి, 1/15 దగ్గర తీస్తే కొమ్మలు చెరిగి గుడి నిక్కచ్చిగా నిలబడుతుంది. అదే 1/500లో తీస్తే ఒక్కో ఆకూ గాలికి ఎదురీదుతున్నట్టు వస్తుంది. రెండూ తీసి పెట్టుకోండి, తర్వాత ఇంట్లో కూర్చుని ఎంచుకోవచ్చు. జిల్లేడు పొదలు కూడా దీనికి పనికొస్తాయి.

లెన్స్ మార్చకండి, ఇందులో మినహాయింపు లేదు. మీ కిట్ లెన్స్ ఒక్కదానితోనే పని కానివ్వండి. చాలామంది వైడ్ యాంగిల్ వేసి ఆకాశాన్ని నింపేస్తారు, అప్పుడు గుడి మూలన అగ్గిపెట్టెలా మిగులుతుంది. నేను ఎక్కువగా 50 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య తీస్తాను. దూరంగా జరిగి లెన్స్‌ని ముందుకు జూమ్ చేస్తే వెనక లేచిన దుమ్ముగోడ శిఖరం మీదికి వచ్చేసినట్టు పెద్దగా కనిపిస్తుంది. దగ్గర నుంచి తీయక తప్పకపోతే కెమెరాను పైకి ఎత్తకండి, ఎత్తితే శిఖరం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. కెమెరాను నేలకు సమంగా పట్టుకుని నిలువుగా తీసి, కింద ఎక్కువైన నేలను తర్వాత కత్తిరించండి.

కెమెరా పాడవుతుందా అన్నారు. జాగ్రత్త లేకపోతే తప్పకుండా పాడవుతుంది. ఎడారి ఇసుకలో ఎక్కువభాగం క్వార్ట్జ్, అది గాజు కన్నా గట్టిది. లెన్స్ మీద దుమ్ము పడగానే చొక్కా అంచుతో తుడిస్తే గీతలు పడిపోతాయి. ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి, తర్వాత మెత్తటి కుంచె, చివరికి మాత్రమే గుడ్డ. ముందు ఒక యూవీ ఫిల్టర్ వేసి ఉంచండి, గీత పడితే దాని మీద పడుతుంది. ముందుకీ వెనక్కీ సాగే జూమ్ లెన్స్ గాలిని లోపలికి పీలుస్తుంది, దాంతో దుమ్ము కూడా వెళ్తుంది. అందుకే సాగిన గొట్టాన్ని కుంచెతో దులిపాకే లోపలికి తిప్పాలి. పక్కనున్న మూతల సందులకు టేపు అంటించండి. పెద్ద పాలిథిన్ సంచిలో కెమెరాను పెట్టి, లెన్స్ ముందు భాగం బయటికి వచ్చేలా చిల్లు చేసి రబ్బరు బ్యాండు బిగిస్తే చాలు, ఖరీదైన కవర్లు కొననవసరం లేదు. డబ్బాల్లో వచ్చే గాలి స్ప్రేలు వాడకండి, ఆ ఒత్తిడికి దుమ్ము ఇంకా లోపలికి పోతుంది.

వేడి ఇంకో సమస్య. నల్లటి కెమెరా ఎండలో కాసేపు ఉంటే తాకలేం. వీడియో తీస్తుంటే వేడెక్కి దానంతట అదే ఆగిపోతుంది. తెల్లటి తుండు తడిపి పిండి సంచి మీద వేయండి. ఫోన్ అయితే ఇంకా తొందరగా మొరాయిస్తుంది, దాన్ని జేబులో కాకుండా సంచిలో నీడన పెట్టండి.

పిడుగు గురించి దయచేసి సీరియస్‌గా తీసుకోండి. విశాలమైన బయలులో ఎత్తైన శిఖరం ఒక్కటే ఉంటే పిడుగుకు అదే దారి. కప్పు లేని మండపం గానీ చెట్టు గానీ రక్షణ కాదు. మెరుపు కనిపించిన దగ్గర నుంచి ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరం. 30 సెకన్ల లోపు వినిపించిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉంది, ఇక ఫొటో ఆపి కారెక్కి అద్దాలు మూసేయాలి. చివరి ఉరుము వినిపించాక ఇంకో అరగంట దిగకూడదు. ఫోన్లో దామిని యాప్ పెట్టుకోండి, మీ చుట్టూ ఎక్కడ పిడుగులు పడుతున్నాయో చూపిస్తుంది. వాతావరణ శాఖ మూడు గంటల ముందు ఇచ్చే నౌకాస్ట్ హెచ్చరికలు కూడా చూడండి. సిగ్నల్ ఎక్కడపడితే అక్కడ ఉండదు కాబట్టి బాడ్మేర్‌లోనే ఒకసారి చూసుకుని బయల్దేరండి. మెరుపుతో సహా గుడిని తీయాలంటే కారులోంచే, కిటికీ గాజు వెనక నుంచే. అలా రాకపోతే ఆ ఫొటోను వదిలేయండి.

ఇప్పుడు ఆగస్టు ఎందుకు అంటున్నానో. బాడ్మేర్‌లో ఏడాది మొత్తం పడే వాన 30 సెంటీమీటర్ల లోపే, దాదాపు అంతా ఈ నెలల్లోనే. అంటే రోజూ ముసురు ఉండదు. ఒక వాన పడి దుమ్మంతా కడుక్కుపోతుంది, తర్వాత రెండు మూడు రోజులు ఎండ, పైన పెద్ద పెద్ద మబ్బులు తేలుతూ వెళ్తుంటాయి. ఆ మబ్బు నీడలు నేల మీద నడుస్తాయి. నేను కిరాడూలో తీసిన వాటిలో నాకు బాగా ఇష్టమైన ఫొటో ఇలాంటి రోజునే వచ్చింది. మొత్తం ప్రాంగణం మబ్బు నీడలో ఉంది. నీడ అంచు పడమటి నుంచి జరుగుతూ వస్తోంది. మొదట బయటి రాళ్లకుప్ప వెలిగింది, తర్వాత మండపం మెట్లు, తర్వాత స్తంభాలు ఒక్కొక్కటిగా. వెనక కొండ మాత్రం ఇంకా నీడలో నల్లగానే ఉంది. గుడి ఒక్కటే వెలుగులో నిలబడింది. అది ఒక నిమిషం కూడా లేదు. చోటు ముందే ఎంచుకుని, ఎక్స్‌పోజర్ ఎండ పడిన రాతికి కట్టేసి కూర్చున్నాను కాబట్టి నాకు షట్టర్ నొక్కడం తప్ప వేరే పని మిగల్లేదు.

వాన పడిన వెంటనే ఇంకో అవకాశం ఉంటుంది. తడిసిన ఇసుకరాయి రంగు చిక్కబడుతుంది. ఎండలో లేత పసుపులో ఉన్న రాయి తేనె రంగులోకి వస్తుంది, శిల్పం అంచులు తళుక్కుమంటాయి. మండపం నేల మీద పలకలు అరిగి గుంటలు పడిన చోట నీళ్లు నిలుస్తాయి. కెమెరాను నేలకు ఆనించినంత కిందికి దించితే ఆ చిన్న మడుగులో స్తంభాల వరుస మొత్తం తిరగబడి కనిపిస్తుంది. మేలో అయితే కాలిన రాతి మీద చినుకులు నిమిషాల్లో ఆరిపోతాయి, ఆగస్టులో కాస్త వ్యవధి దొరుకుతుంది. పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) వాడితే ఆ మెరుపు చచ్చిపోతుంది, ఇక్కడ తీసేయండి. ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, చేరుకోవడానికి ఓ పావుగంట ముందే ఏసీ ఆపి కిటికీలు తెరవండి.

ఆగస్టుకీ ఒక జాగ్రత్త చెప్పాలి. 2006 ఆగస్టులో ఇదే బాడ్మేర్ జిల్లాలో వరదలొచ్చి కవాస్ ఊరు మునిగింది. నేల కింద జిప్సం పొర ఉండటంతో నీళ్లు ఇంకక వారాల తరబడి అలాగే నిలిచిపోయాయి. ఎడారిలో వరదేమిటి అనుకోకండి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే, లోతు తక్కువే అని డ్రైవర్ చెప్పినా, దాటవద్దు.

చలికాలం గురించి క్లుప్తంగా. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పడమటి అలజడుల (పడమర నుంచి వచ్చే చలికాలపు అల్పపీడనాల) వల్ల ఒకటి రెండు రోజులు మబ్బులు, చిన్న వాన వస్తాయి. నాటకీయత తక్కువ, కానీ శిల్పాలను దగ్గర నుంచి తీయడానికి ఆ వెలుగుకు సాటి లేదు. అమ్మానాన్నలతో హాయిగా తిరగాలంటే నిజానికి ఇదే కాలం.

ఇంకో రెండు మాటలు ఫొటోల గురించే, కానీ నాకు ముఖ్యమైనవి. కిరాడూ అనగానే ఇంటర్నెట్‌లో శాపం కథ వస్తుంది. ఒక మునీశ్వరుడి శిష్యులు జబ్బుపడితే ఊళ్లో ఒక్క కుమ్మరి ఇల్లాలు తప్ప ఎవరూ పట్టించుకోలేదని, ఆయన ఊరిని రాయి కమ్మని శపించాడని, పొద్దుగుంకాక అక్కడున్నవాళ్లు రాళ్లైపోతారని. ఊళ్లోవాళ్లు చెప్పుకునే కథను కథగా గౌరవించండి. కానీ ఆకాశాన్ని మార్చేసి, నెత్తుటి రంగు పులిమి, దెయ్యాల గుడి అని పెట్టకండి. అక్కడ శాసనాలున్నాయి. 1152 నాటి శాసనం కొన్ని తిథుల్లో జీవహింస చేయకూడదని ఆజ్ఞాపిస్తుంది. 1178 నాటి శాసనం తురుష్కులు విరగ్గొట్టిన విగ్రహం స్థానంలో కొత్త విగ్రహాన్ని ప్రతిష్ఠించిన సంగతి చెబుతుంది. దెబ్బతిన్న గుడిని మళ్లీ నిలబెట్టుకున్న మనుషులు బతికిన చోటు అది. ఫొటో కింద ఒక్క వాక్యమైనా వాళ్ల గురించి రాయండి.

మంచి కోణం కోసం పడిపోయిన రాళ్ల మీద ఎక్కవద్దు, ఫ్రేముకు అడ్డొచ్చిందని శిల్పపు ముక్కను పక్కకు జరపవద్దు. పడిన రాయి ఎక్కడ పడిందో అక్కడే ఉంటేనే రేపు పునరుద్ధరించేవాళ్లకు అది ఏ భాగానిదో తెలుస్తుంది.

ఫోన్ సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఫోన్‌తో ఆకాశం, గుడి కలిసిన వెడల్పు ఫొటో బాగానే వస్తుంది, ఎందుకంటే అది తనంతట తనే నాలుగైదు ఎక్స్‌పోజర్లు కలుపుకుంటుంది. కానీ గాలికి ఊగే కొమ్మలు అందులో చెదిరిపోతాయి, దుమ్మును పొగమంచు అనుకుని కొన్ని ఫోన్లు శుభ్రం చేసేస్తాయి కూడా. ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్ కట్టేసి రా ఫైలు తీయండి. లెన్స్ మార్చే పని లేకుండా దుమ్ములో కాస్త ఎక్కువసేపు ధైర్యంగా వాడగలిగేది అదే, కాబట్టి గోడ దగ్గరపడ్డాక కెమెరాను లోపల పెట్టి కారువైపు నడుస్తూ చివరి రెండు మూడు ఫొటోలు ఫోన్‌తోనే తీసుకోండి.

తేదీలు మార్చగలరో లేదో, మీ కిట్ లెన్స్ ఎంత నుంచి ఎంత మిల్లీమీటర్లో కింద రాయండి. 16-50 అయితే ఎక్కడ నిలబడాలన్నది కొంచెం మారుతుంది, దాని గురించి విడిగా చెబుతాను.